ఇత్తడి మెడలు

మిర్యాలగూడ,
9 జూన్ 2025

రైఫిల్ క్లబ్బులో తూటాల బల్లకు ఏకైక అధికారిణి, మా అన్న ఇంటి మహారాణి, వదిన సక్కుబాయి గారికి,

నమస్కారాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. మనిద్దరం రోజూ సూర్యాపేటకు ఫోన్ చేసి ఒకరి మీద ఒకరం చాడీలు చెప్తుంటే అమ్మ విసిగిపోయింది. "ఇగ ఫోన్లు బంద్ చేయుండ్రి. తిట్టుకునేది ఏమన్న ఉంటే కాయితం మీద రాసుకోండ్రి. రాసేటప్పటికి సగం కోపం చేతినొప్పికే పోతది" అని తీర్పు చెప్పింది. నా చేయి ఇంకా నొప్పి పుట్టలేదు కాబట్టి విషయానికి వస్తాను.

నిన్న ఆదివారం మేళ్లచెరువు రేంజిలో నేను కాల్చిన తూటాల్లో రెండింటికి మెడ చీలింది. పేలాక మిగిలిన ఇత్తడి గుల్లలు బయటికి తీసి చూస్తే మూతి నుంచి కిందికి సన్నటి బీట. పక్కన కొత్తగా చేరిన సిమెంటు ఫ్యాక్టరీ పిల్లలేమో కొత్త గుల్లల్లో మందు నింపిన తూటాలు కాలుస్తున్నారు. తళతళ మెరుస్తున్నాయి, పెళ్ళివారి చెంబుల్లాగా. వాళ్ళు కొట్టేది టార్గెట్‌నో వెనకున్న సున్నపురాయి గోడనో వాళ్ళకే తెలియదు. అక్టోబరులో రాష్ట్ర పోటీకి వెళ్ళాల్సిన నాకు మాత్రం ఎన్నిసార్లు పేలిందో లెక్కలేని పాత ఇత్తడి.

ఎందుకని నేనే వెళ్ళి, పేలిన గుల్లల్లో నువ్వు మళ్ళీ మందు నింపే బల్ల మీద చూశాను. నా గుల్లలు పెట్టే డబ్బా మీద నీ చేతిరాతతో "బా" అని ఉంది. బాగాలేనివి అని పూర్తిగా రాయడానికి మార్కరులో సిరా చాలలేదా, లేక ఇంటి ఆడబిడ్డకు అంత చాలనుకున్నావా?

సరే, కొత్తవి ఇవ్వకు. ఉన్నవాటినైనా ఎనీలింగ్ చేయవచ్చు కదా. ఇత్తడిని పేల్చి, ప్రెస్సులో నొక్కి, మళ్ళీ పేల్చి, మళ్ళీ నొక్కితే గట్టిపడి పెళుసవుతుంది. మెడ దగ్గర కొన్ని సెకన్లు మంట చూపించి చల్లారనిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఎనిమిది సార్లకు చీలేది ఇరవై సార్లు వస్తుందట. నీలాంటి రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌కు వడ్ల మిల్లు నడిపే నేను చెప్పాల్సి రావడం నా దురదృష్టం.

మా ఆయన వీరేందర్ నిన్ను అడిగాడని రాయడం మర్యాద. కాని అబద్ధం చెప్పలేను. రాస్తుంటే పక్కన కూర్చుని జామకాయ తింటున్నాడు, అంతే.

ఇట్లు
"బా" డబ్బా యజమానురాలు
భాగ్యశ్రీ


కోదాడ,
16 జూన్ 2025

అగ్నిశాస్త్ర పారంగతురాలు, బాయిలరు నడిపి లోహాల గుట్టు తెలుసుకున్న మరదలు భాగ్యశ్రీకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ ఇచ్చి వెళ్ళగానే మీ అన్న మైసయ్య భయపడి "ఎవరన్న పోయిండ్రా?" అన్నాడు. ఈ రోజుల్లో కవరు వస్తే అలాగే అనుకుంటారు. ఎవరూ పోలేదు, నా పరువు ఒక్కటే పోయిందని చెప్పాను. నిశ్చింతగా వెళ్ళి ఆవకాయ జాడీకి గుడ్డ కట్టుకున్నాడు.

నువ్వు అడిగిన దానికి జవాబు. ఇత్తడి గుల్ల ఎన్నాళ్ళు వస్తుందంటే, మెడ చీలే దాకా వస్తుంది. చీలిన రోజు తీసి పారేస్తాం. మెడ చీలితే గురి కొంచెం తప్పుతుంది తప్ప మనిషికి ఏమీ కాదు. ఇత్తడి తనంతట తానే "నాకు చేతకాదు" అని చెప్పి తప్పుకుంటుంది. మన బంధువుల్లో అంత మర్యాద ఉన్నవాళ్ళు ఎంతమంది?

ఇక నీ ఎనీలింగ్. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను కాబట్టి అదేమిటో కొద్దిగా తెలుసు. మెడ వరకు చేస్తే మంచిదే. కాని మంట ఒక్క క్షణం ఎక్కువైతే వేడి కిందికి దిగుతుంది. గుల్ల అడుగు గట్టిగా ఉండాలి. పేలినప్పుడు లోపలి ఒత్తిడినంతా ఆపేది అదే. ఆ అడుగుకూ నీ ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. నీ ముఖం మా అత్తగారు కష్టపడి కన్నది. బల్ల దగ్గర ఒక్కదాన్నే ఉండి మంటతో ఆటలాడను.

కొత్త పిల్లలకు కొత్త గుల్లలు ఎందుకంటే, రైఫిలు వెనక మూసే బోల్టు బిగుసుకుంటే ఆగి చూడాలని వాళ్ళ చేతికి ఇంకా తెలియదు. నీ చేతికి తెలుసు. ఇది పొగడ్త. నీకు అలవాటు లేదు కాబట్టి చెప్తున్నాను.

డబ్బా మీద రాసిన దాని సంగతి, చదవడం వచ్చినవాళ్ళు చదువుకుంటారు.

ఒక్క విషయం మాత్రం నవ్వకుండా చదువు. లైసెన్సు క్లబ్బులోని బల్లకు ఉంది, మీ వంటింటికి లేదు. ఒక్క ఖాళీ గుల్ల కూడా రేంజి దాటి వెళ్ళకూడదు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి (నువ్వు నమ్మవు)
సక్కుబాయి


మిర్యాలగూడ,
30 జూన్ 2025

పూజ్యులైన వదిన గారికి,

నీ పాఠం అందింది. వెనక బెంచీలో కూర్చున్నట్టే అనిపించింది. "చదవడం వచ్చినవాళ్ళు చదువుకుంటారు" అన్నావు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకున్న సంగతి పాతికేళ్ళ తరువాత కూడా నీకు గుర్తుందంటే నీ జ్ఞాపకశక్తికి దండం. పాతవి పాతదానికి సరిపోతాయని అనలేదు, అదొక్కటే తక్కువ.

ఇక శుభవార్త. నువ్వు వద్దన్న పని నేను చేసేశాను. నిన్న కాక అంతకు ముందు ఆదివారం "బా" డబ్బాలోంచి గుల్లలు టిఫిన్ బాక్సులో పోసుకుని మిర్యాలగూడ తెచ్చాను. పైన పెరుగన్నం గిన్నె, కింద ఇత్తడి. బస్సులో పక్కన కూర్చున్నావిడ "అంత బరువేంది అక్కా, మామిడికాయ పచ్చడా?" అని అడిగింది. అవునన్నాను.

మొదటి విడత గుల్లల్ని గ్యాసు పొయ్యి మీద జాలీలో నిలబెట్టాను. బాగా ఎర్రబడ్డాయి. తరువాత వీరేందర్ వచ్చి చూసి "గిట్ల కాదు, అంతటా సమానంగ తగలాలె" అని డ్రిల్లు మెషీనుకు ఒక సాకెట్టు బిగించాడు. గుల్ల అందులో గిరగిరా తిరుగుతుంటే నేను గ్యాసు టార్చి మంట మెడకు పట్టాను. ఇవి నీలంగా, అక్కడక్కడ ఊదాగా తేలాయి. నెమలి మెడ రంగంటే నమ్ము. మా ఆయన మిల్లులో ఇంత శ్రద్ధగా పనిచేయగా నేను ఎన్నడూ చూడలేదు.

కడిగి, ఆరబెట్టి, మళ్ళీ శుభ్రం చేసే పని కూడా నీకు లేకుండా, నిన్న ఆదివారం ఉదయమే తెచ్చి అదే డబ్బాలో పోశాను. సాయంత్రం నువ్వు బల్ల దగ్గర కూర్చుని, వాటిని ఒక్కొక్కటే కంటి ముందు తిప్పి చూసి, మందు నింపావు. నేను ఎదురుగానే నిలబడ్డాను. నీలం మెడల్ని చూసి కూడా ఒక్క మాట అనలేదు. అంటే నచ్చినట్టేనా? లేక ఒప్పుకోవడానికి నోరు రాలేదా?

వచ్చే ఆదివారం నేను రాను. మిల్లులో వడ్లు నానబెట్టే తొట్టి కారుతోంది, మేస్త్రీ ఆ రోజే వస్తానన్నాడు. ఎవరైనా ఆ తూటాలు కాల్చి చూస్తే, ఎట్లా ఉన్నాయో రాయి. క్షమాపణ కూడా అదే కవరులో పెట్టు, స్టాంపు ఖర్చు కలిసొస్తుంది.

ఇట్లు
చదవడం రాని
భాగ్యశ్రీ


కోదాడ,
7 జూలై 2025

భాగ్యశ్రీకి,

నీ ఉత్తరం ఈ రోజు, సోమవారం వచ్చింది. ప్రమాదం నిన్న ఆదివారం జరిగింది.

జోసెఫ్ నీకు తెలుసు. సిమెంటు ఫ్యాక్టరీలో క్రషర్ మీద పనిచేస్తాడు, ఎవరి జోలికీ పోడు. మూడో తూటాకు రైఫిలు లోపల గుల్ల రెండు ముక్కలయింది. అడుగు తెగి, వేడి గాలి బోల్టు పక్క నుంచి వెనక్కి కొట్టింది. కుడి చెంప కాలింది. ఇత్తడి రవ్వ ఒకటి చర్మంలో దిగితే కోదాడ దవాఖానలో తీసి కుట్లు వేశారు. కళ్ళద్దాలు లేనిదే ఎవరినీ లైను మీదికి రానివ్వనని నేను చాదస్తం చేస్తానని మీరంతా నవ్వుతారు కదా. కుడి కన్ను ముందున్న అద్దం పగిలింది. కన్ను ఉంది.

ఏ పెట్టెలోంచి తీసుకున్నావని అడిగితే గుర్తులేదన్నాడు. ఈ రోజు నీ ఉత్తరం చదివాక నాకు అడగాల్సిన అవసరం కనిపించలేదు. గుల్లల్ని పొయ్యి మీద నిలబెట్టి ఎర్రగా కాల్చానని నువ్వే గర్వంగా రాశావు. పకోడీలు వేయించినట్టు. అడుగు మెత్తబడితే ఏమవుతుందో మూడు వారాల ముందే నీకు రాశాను. నా ఉత్తరం అందలేదని అనలేవు, దానికి జవాబు కూడా రాశావు.

రాష్ట్ర పోటీకి పంపే పేర్లలోంచి నీ పేరు తీసేశాను. కమిటీకి ఈ మధ్యాహ్నమే తెలియజేశాను. నేను చెప్పే దాకా రేంజికి రావద్దు. మీ అన్నను మధ్యవర్తిగా పంపవద్దు. ఆయన పాపం ఇద్దరికీ తల ఊపుతాడు.

సక్కుబాయి


మిర్యాలగూడ,
14 జూలై 2025

వదినకు,

బుధవారం నీ ఉత్తరం చదివాను. తొట్టి పని అలాగే వదిలేసి మరునాడు మేళ్లచెరువు పోయాను. రేంజికి కాదు, భయపడకు. జోసెఫ్ ఇంటికి.

గడప దగ్గర చెప్పులు విప్పాను. చెంప మీద పట్టీ వేసుకుని, టీవీ ముందు కూర్చుని, బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం కంటే నాలుగు దెబ్బలు తినడం నయం. వాళ్ళావిడ శ్రీలత మాత్రం మొహమాటపడలేదు.

"మీరు మీరు వదినా మరదళ్ళు పంతాలు పట్టుకుంటే మా ఆయన మొఖం కాలాల్నా?" అని అడిగింది.

  జోసెఫే అన్నాడు: "గట్ల కాదు లే శ్రీలతా. అక్కా, నీ గుల్లల మెడలు నీలంగ ఉన్నయని అందరు చెప్పుకుంటున్నరు గదా. నేను ఎక్కించినప్పుడు సూసిన. నా దాని మెడ మామూలు పసుపే. నీలం లేదు, కాలిన మరక గూడ లేదు."

"గుర్తులేదన్నవట గదా?" అన్నాను.

"పెట్టె గుర్తులేదన్న. రంగు ఎవరు అడిగిండ్రు?" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను, ఓ న్యాయమూర్తీ. ఆ తెగిన గుల్ల నీ దగ్గరే ఉంది కదా. దాన్ని చూశావా? చూడకుండానే తీర్పు రాశావా? అక్టోబరు పోటీ కోసం నేను ఏడాది నుంచి తెల్లవారుజామున లేచి, మిల్లు తెరిచే లోపు బరువు రైఫిలు ఎత్తి పట్టుకుని నిలబడుతున్నాను. చుట్టుపక్కలవాళ్ళు దొంగల కోసం కాపలా అనుకుంటున్నారు. ఆ ఏడాదిని నువ్వు ఒక మధ్యాహ్నంలో చెరిపేశావు.

తెగినదాన్ని నిలువునా కోసి చూడు. దానితో కలిసి ఉన్నవాటినీ కోయి. నావీ కోయి. నా తప్పయితే నేనే వచ్చి జోసెఫ్ ఇంటి ముందు నిలబడతాను. వాళ్ళావిడ ఎట్లాగూ సిద్ధంగా ఉంది.

భాగ్యశ్రీ


కోదాడ,
28 జూలై 2025

భాగ్యశ్రీకి,

ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండుసార్లు చింపాను. మూడోసారి మీ అన్న "కాయితాలు ఊకనే వస్తున్నయా?" అన్నాడు. అందుకని పూర్తి చేస్తున్నాను.

కోశాం. హ్యాక్‌సా బ్లేడుతో ఒక్కొక్కటీ నిలువునా, మీ అన్న పట్టుకుంటే నేను, నేను పట్టుకుంటే మీ అన్న. జోసెఫ్‌ది నీ డబ్బాలోది కాదు. అందరికీ వాడే పెద్ద డబ్బాలోది, మంట ముఖం చూడనిది, నా చేతి మీదుగా నడిచింది. దాని మెడ నిక్షేపంగా ఉంది. అడుగుకు కొంచెం పైన గోడ పల్చబడి కాగితమంత అయింది. పేలిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది. నేను ప్రెస్సులో గట్టిగా నొక్కి వెనక్కి తోస్తాను. మళ్ళీ సాగుతుంది. ఆ సాగుడంతా ఒక్క చోటే తింటుంది. అది మెడ కాదు. ఇన్నాళ్ళూ మనిద్దరం మెడ గురించి కొట్టుకున్నాం. ఎనీలింగ్ చేసినా చేయకపోయినా అడుగుకు ఒరిగేదేమీ లేదు. మెడను ఇరవై సార్లు బతికించి ఉంటే, ఆ లోపు అడుగు మన ప్రాణం తీసేది.

నువ్వు కూడా సంతోషపడకు. నీవీ మందు తీసేసి కోశాం. డ్రిల్లులో తిప్పినవి బాగానే ఉన్నాయి, వీరేందర్‌కు చెప్పు. పొయ్యి మీద నిలబెట్టినవి మాత్రం పట్టకారుతో నొక్కితే అడుగు అప్పడంలా వంగింది. వాటిలో ఒకటి రైఫిలులో పడి ఉంటే జోసెఫ్‌కు అయింది చిన్న గాయమే అనుకునేవాళ్ళం. అన్నీ పక్కన పెట్టి తుక్కు కింద కొట్టేశాను.

ఇప్పుడు అసలు సంగతి. అడుగు పల్చబడే ముందు బయట ఒక గీత కనిపిస్తుంది. మెరిసే సన్నటి వలయం. దాన్ని చూసే గుల్లను పారేయాలి. పిల్లలకు నేనే నేర్పుతాను. కోయడానికి ముందు పెద్ద డబ్బాలోవి బల్ల మీద పోసి వరసగా పెట్టాం. నేను ఒకటి తీసి చూసి, బాగుందని పక్కన పెట్టాను. మీ అన్న దాన్ని మళ్ళీ తీశాడు.

"గీ గీత కనబడతలేదా నీకు?" అన్నాడు.

"ఏ గీత?" అన్నాను.

 ఆయన నా వేలు పట్టుకుని గుల్ల మీద రుద్దాడు. గోటికి తగిలింది. కంటికి లేదు. తరువాత ఇంకొకటి ఇచ్చాడు. ఇంకొకటి. నేను బాగున్నాయని పెట్టిన వాటిలో అలాంటివి ఎన్నో తేలాయి. నీ నీలం మెడలు కూడా నేను చూడలేదు, భాగ్యశ్రీ. మెచ్చుకుని ఊరుకోలేదు, మింగలేక ఊరుకోలేదు. నాకు అన్నీ ఒకటే రంగులో కనిపించాయి.

సూర్యాపేటలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలట. "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నరమ్మా?" అని అడిగాడు. తూటాలు తయారుచేస్తున్నానని చెప్తే ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

బల్ల తాళంచెవి క్లబ్బుకు ఇచ్చేశాను. జోసెఫ్ ఇంటికి వెళ్ళి చెప్పాను. శ్రీలత నాతో నీతో మాట్లాడినంత కూడా మాట్లాడలేదు. కమిటీకి నీ పేరు మళ్ళీ చేర్చమని రాశాను. గడువు దాటిందని జవాబు వచ్చింది. రెండోసారి వెళ్ళి అడిగాను. కాదన్నారు.

ఇంకొకటి. ఆ డబ్బా మీద నేను రాసింది "భా". నీ పేరులో మొదటి అక్షరం. ఒత్తు చెరిగిపోయినట్టుంది, అదీ నాకు కనిపించలేదు. ఒకసారి నీ రైఫిలులో పేలిన గుల్ల నీ రైఫిలు కొలతకే సాగుతుంది. మళ్ళీ దానిలోనే పేలిస్తే గురి బాగా కుదురుతుంది. అందుకని నీవి ఎవరికీ ఇవ్వకుండా విడిగా దాచాను. కొత్తవాటికంటే నీకు అవే మంచివి. ఇది మొదటి ఉత్తరంలోనే మామూలుగా రాసి ఉండొచ్చు. వెటకారం చేయకుండా రాయడం అప్పటికి చేతకాలేదు.

సక్కుబాయి


మిర్యాలగూడ,
4 ఆగస్టు 2025

ఊరందరికీ కళ్ళద్దాలు పెట్టించి తాను మాత్రం గుడ్డిగా కూర్చున్న వదిన గారికి,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర నిలబడి చదివాను. లారీవాడు హారన్ కొడుతున్నాడు, హమాలీలు చూస్తున్నారు. నేను ఏడుస్తున్నానో తిడుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ముందు కోపం తీర్చుకోనీ. పోటీ సంగతి నేను మర్చిపోను. పెద్ద మనసు చేసుకుని మర్చిపోయానని రాద్దామనుకున్నాను, పెన్ను కదల్లేదు. వచ్చే ఏడాది పోటీ దాకా, పండగకో పబ్బానికో నలుగురి ముందు గుర్తుచేస్తూనే ఉంటాను. నువ్వు తల వంచుకుని వినాలి. అది నీకు పడే శిక్ష.

నాకు పడే శిక్ష నేనే వేసుకున్నాను. పొయ్యి మీద కాల్చిన గుల్లలు ఎవరో పిల్లాడి రైఫిలులోకి వెళ్ళి ఉంటే అని ఆలోచిస్తూ నిన్న అదే పొయ్యి మీద అన్నం మాడ్చాను. నువ్వు వద్దని రాశావు. ఎందుకు వద్దో కూడా రాశావు. నేను చదివింది ఆ ఎందుకుని కాదు, నీ ఎత్తిపొడుపుని. నిన్న మళ్ళీ మేళ్లచెరువు పోయి ఆ మాటే శ్రీలతతో చెప్పాను. ఈసారి చాయ్ ఇచ్చింది. చక్కెర వేయలేదు, అయినా తాగాను.

"భా" గురించి ఏం రాయాలి? ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ నా వదిన నాకు పనికిరాని ఇత్తడి ఇస్తుందని చెప్పుకున్నాను. ఇప్పుడు ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి ఒత్తు సంగతి వివరించాలి. నీ మూలంగా నాకు ఎంత తిరుగుడు పెట్టావో చూడు.

అమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను. "కండ్లు కనబడకుంట గూడ గంత పొగరా దానికి" అంది. తరువాత ఏడ్చింది. ఆపరేషన్‌కు వస్తానంటోంది. ఆమె వస్తే డాక్టరుకు ఆపరేషన్ ఎలా చేయాలో చెప్తుంది కాబట్టి, నేనే వస్తున్నాను. వారం ఉంటాను. మిల్లు వీరేందర్ చూసుకుంటాడు. డ్రిల్లులో తిప్పినవి బాగున్నాయని నువ్వు రాసిన వాక్యం చూపించినప్పటి నుంచి ఆయన నడక మారింది. ఆ వాక్యం వెనక్కి తీసుకోగలవా?

బల్ల తాళంచెవి క్లబ్బువాళ్ళు ఎవరికివ్వాలని అడిగితే నేను తీసుకున్నాను. కాని ఒక షరతు మీద. ఒక మనిషి నింపాలి, ఇంకో మనిషి చూడాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే గుల్ల డబ్బాలో పడాలి. ఆ రెండో మనిషి నువ్వే. కళ్ళు వచ్చాక.

వంట నేను చేస్తాను. ఉప్పు సరిపోలేదని అంటే రెండో కంటికి ఆపరేషన్ వాయిదా వేయిస్తాను.

భాగ్యశ్రీ


కోదాడ,
22 సెప్టెంబరు 2025

నా ఇంట్లో వారం అని చెప్పి పదిహేను రోజులు ఉండి, నా గిన్నెల చోట్లన్నీ మార్చి వెళ్ళిన మరదలికి,

ఆశీస్సులు. జీలకర్ర డబ్బా దొరికింది. బియ్యం డ్రమ్ము వెనక. అక్కడ పెట్టడానికి ఏ శాస్త్రం చదివావో వచ్చినప్పుడు చెప్పు.

రెండో కంటి పట్టీ కూడా శుక్రవారం తీశారు. నిన్న రేంజికి వెళ్ళి వచ్చాను. సున్నపురాయి గోడలో అన్ని పొరలున్నాయని నాకు తెలియదు. అంతా ఒకటే బూడిదరంగు అనుకున్నాను. జోసెఫ్ మచ్చ దగ్గరగా చూశాను. అతను సిగ్గుపడి ముఖం తిప్పుకున్నాడు. వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ కాలుస్తానన్నాడు. శ్రీలత ఒప్పుకుందా అని అడిగాను. "ఒప్పుకోలే. కాని నువ్వు సూసిచ్చిన తూటాలేనా అని అడిగింది. అవునన్న. ఇంక ఏమనలే" అన్నాడు. ఆ మాటతో ఇంటికి వచ్చాను.

నువ్వు పెట్టిన పద్ధతిలో బల్ల దగ్గర కూర్చున్నాను. నువ్వు బాగున్నాయని పెట్టినవాటిలోంచి రెండు తీసి పక్కన పెట్టాను. ఒకదానికి గీత ఉంది. రెండోదానికి లేదేమో, కాని నీ మీద కోపం ఉంది. వచ్చి చూసి ఒప్పుకో, లేదా పోట్లాడు.

ఎనీలింగ్ గురించి ఓడిపోయానని రాయను. కాని కొత్త గుల్లలు వచ్చాక, కొన్ని విడిగా తీసి, బల్ల దగ్గరే, ఇద్దరం ఉన్నప్పుడు, వీరేందర్ యంత్రంతో మెడ వరకే చేసి చూద్దాం. ప్రతిసారీ లోపల వంకర తీగ పెట్టి అడుగు గోడను తడిమి చూడాలి. అది లేకుండా మంట వెలిగించను. ఎన్నిసార్లు వస్తాయని మాత్రం నన్ను అడగకు. ఎనిమిదో ఇరవయ్యో చెప్పిన రోజులు అయిపోయాయి. చూసినప్పుడు బాగుంటే ఇంకొక్కసారి, అంతే.

పోటీ సంగతి నువ్వు ఇక్కడున్నప్పుడు పాలవాడి ముందు, పక్కింటి పాపయ్య ముందు, డాక్టరు ముందు కూడా చెప్పావు. తల వంచుకునే విన్నాను. అక్టోబరులో ఆ రోజు నువ్వు ఇంట్లో ఒక్కదానివే కూర్చోవద్దు. రేంజికి రా. పోటీలో ఎన్ని కాలుస్తారో అన్నీ కాల్చు. నేను వెనక కూర్చుని దుర్భిణిలో చూసి మార్కులు వేస్తాను. బంధుప్రీతి ఉండదు.

కళ్ళు వచ్చాక మొదట ఏం చూశావని అత్తగారు ఫోన్‌లో అడిగారు. దుమ్ము అని చెప్పాను. అది నిజం కాదు. పట్టీ తీయగానే ఎదురుగా మీ అన్న ఉన్నాడు. జుట్టంతా తెల్లగా ఉంది. కళ్ళ కింద సంచులు, మెడ మీద ముడతలు. ఎవరో అనుకున్నాను ఒక్క క్షణం. "నువ్వు ఎప్పుడు ఇంత ముసలివాడివయ్యావు?" అని అడిగాను.

చెంబుతో నీళ్ళు ఇస్తూ, "నువ్వు సూడనప్పుడు" అన్నాడు.

ఇట్లు
సక్కుబాయి